నడి మడిలో పాట

మా ఇంట్లో ఇప్పుడు ఎవరు పాట మొదలుపెట్టినా చివరిదాకా పాడి తీరాలి. అది నా ఆర్డరు. స్నానాల గదిలో కూనిరాగం తీసినా సరే, ఎత్తుకున్న చరణం పూర్తి చేయకుండా బయటికి రావద్దు. మా ఆయన దుబ్బయ్య ఆటో నడుపుతాడు. ప్యాసింజరు దిగి పైసలు చేతిలో పట్టుకుని నిలబడ్డా, "ఆగన్నా, పాట అయిపోనియ్" అని కూర్చుంటాడట. స్టాండులో జనం నవ్వుతారు. "దుబ్బన్నకు పెండ్లాం భయం ముదిరింది" అంటారు. అననీ. ఈ వానాకాలం మా ఇంట్లో జరిగింది వాళ్ల ఇళ్లల్లో జరగలేదు కాబట్టి అంటారు.

నన్ను కన్న మా అవ్వ బుచ్చవ్వ కోహెడలో నాట్ల గుంపుకు పెద్ద. ఆమె ముందుండి పాట ఎత్తుకుంటే వరసలో ఉన్న ఆడవాళ్లు అందుకునేవారు. నోరు తెరిస్తే పాట, లేకపోతే తిట్టు. నడుమ మరొకటి ఉండేది కాదు. అలాంటి మనిషి మిరుగం కార్తె దాటాక, నారు పోసి ఇంటికొస్తూ గడప దగ్గర కూలిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఉన్న ఒక్క బిడ్డను నేనే కాబట్టి దవాఖాన నుంచి నేరుగా సిద్దిపేటకు మా ఇంటికే తెచ్చుకున్నాను. ముందు గదిలో నా కుట్టుమిషను పక్కనే మంచం వేశాను.

కాళ్లూ చేతుల సంగతి దేవుడెరుగు, నాకు ఆ నోరు కావాలి. అవ్వ కళ్లు నన్ను చూసేవి. పెదవులు కదిలేవి. "బ... బ..." అని నురగలాంటి శబ్దం ఒకటి వచ్చి అక్కడే ఆగిపోయేది. నా పేరులో మొదటి అక్షరం కూడా సరిగ్గా పలకలేక ఆమె కళ్లలో నీళ్లు తిరిగితే నేనే తుడిచేదాన్ని. "ఓ భవానీ, సచ్చినవా, పలుకవేందే?" అని ఒక్కసారి తిడితే చాలు, ఆ తిట్టును కొంగుకు ముడేసుకుందును అనుకునేదాన్ని.

అప్పుడొచ్చింది సులోచన మేడం.

ఆమె బడిలో సంగీతం టీచరు. నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది, కొలతకు కొలత మార్చి నా ప్రాణం తీస్తుంది. బడి లేనప్పుడు పాట పట్టుకుని రోగుల ఇళ్లకు పోతుంది. మంచాన పడ్డవాళ్లు, మతిమరుపు ముసలివాళ్లు, నలుగురిలో నోరు విప్పని పిల్లలు. హైదరాబాదులో ఎక్కడో దీనికి చదువు కూడా చదివింది. జాకెట్టు కోసం వచ్చి మా అవ్వను చూసి, మంచం పట్టె మీద కూర్చుంది. ఆ పూట జాకెట్టు ఊసే ఎత్తలేదు.

"మాట ఒక అర్రల ఉంటది భవానీ, పాట ఇంకో అర్రల ఉంటది" అంది. "అవ్వకు మాట అర్ర కూలింది. పాట అర్ర తలుపు తెరిచి, దాంట్లకెల్లి మాటను బయటికి తెద్దాం. అవ్వ ఏం పాడేది?"

"దేవుని పాటలు రావు మేడం. అన్ని నాటుపాటలే."

"ఇంకా మంచిది. నంగునూరు దిక్కు ఒక ముసలామె పాడుతుంటె పిల్లల కోసం రికార్డు చేసిన. ఒకరు అడగాలె, తక్కినోళ్లు జవాబు చెప్పాలె. గసొంటి పాటనే కావాలె మనకు."

అవ్వ ఎడమచేతిని తన అరచేతిలో పెట్టుకుని, మెల్లగా తాళం వేస్తూ పాట ఎత్తుకుంది.

"నారమ్మ నారమ్మ, నీ ఊరు ఏదే?"

ఆ పాట నేనెప్పుడూ వినలేదు. మా అవ్వకు రాని నాటుపాట కూడా ఒకటి ఉందా అని నాకు కొంచెం రోషం కూడా వచ్చింది. మేడం అడగడం, ఆగడం. మళ్లీ అదే అడగడం, ఆగడం. అవ్వ మొహం బిగుసుకుంది. వద్దన్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. మేడం వదల్లేదు, చాలా ఓపిక గల మనిషి.

"నారమ్మ నారమ్మ, నీ ఊరు ఏదే?"

"నడి మడి... మాదే" అంది అవ్వ.

నా చేతిలో కత్తెర కింద పడింది. ఎంత స్పష్టంగా అందంటే, వంటింట్లోంచి దుబ్బయ్య "ఎవలొచ్చిన్రే?" అని అడిగాడు. మేడం కళ్లు తుడుచుకుంటూనే రెండోది అందుకుంది. "నారమ్మ నారమ్మ, నీ తోడు ఎవరే?"

"నా పక్క అక్కే."

నేను ఏడ్చేశాను. ఇంకా పాడవ్వా, ఇంకా పాడు అని బతిమాలుతుంటే మేడం పాట ఆపేసి లేచి నిలబడింది.

"కావాలనే నడుమ ఆపిన భవానీ. పాట సగంల ఇడిస్తె మెదడు ఊకోదు. మిగిలింది ఎక్కడున్నదని దేవులాడుకుంటది. ఆ దేవులాటనే మందు."

వెళ్లబోతుంటే అవ్వ ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుంది. ఎంత లాగినా వదలదు. కళ్లు ఇంత పెద్దవి చేసి ఆమె నోటి వంకే చూస్తోంది. "చూడు, అప్పుడే ప్రేమ పుట్టుకొచ్చింది" అని మేడం నవ్వింది. నేనూ నవ్వాను. ఒక్కో వేలే విడదీసి కొంగు వదిలించాను.

మర్నాడు మధ్యాహ్నం నేను మిషను మీద ఉన్నాను. గదిలో మేమిద్దరమే.

"పాదాల లోతే" అంది అవ్వ.

తల తిప్పి చూశాను. గోడ వైపు చూస్తోంది. కాసేపు ఊరుకుంది. మళ్లీ "పాదాల లోతే" అంది, అదే రాగంలో. మళ్లీ ఊరుకుంది. మేడం చెప్పినట్టే దేవులాడుకుంటోంది అని సంతోషపడి మిషను తొక్కుతూ పోయాను. కాసేపటికి తెలిసింది, నా కాలు మిషను మీద ఒక తాళంలో పడిపోయింది. అవ్వ జవాబు, తర్వాత ఖాళీ. మళ్లీ జవాబు, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీ ప్రతిసారీ ఒకటే పొడుగు. ఒక మనిషి ఒక వరస పాడి ఆపడానికి ఎంత పడుతుందో అంత. నేను కాలు తీసేశాను. ఆమె ఆగలేదు.

మేడం ఆ మాటలు పాడనే లేదు కదా అని అప్పుడు తట్టింది. ఫోన్ చేసి అడిగాను.

"అవును, పాటల ఉన్నదే అది" అంది మేడం సంబరంగా. "మూడో చరణం. నీళ్లెంత లోతే అని అడుగుతరు. అవ్వకు ఈ పాట ముందే వచ్చన్నట్టు! మంచిదే కద?"

మంచిదే. మంచిదేనని నేనూ అనుకున్నాను. ఒక్క అడుగు ముందుకు పడితే చాలని ఉన్నవాళ్లం. మేడం వచ్చినప్పుడల్లా కొంచెం పాడి, సగంలో ఆపేది. ఆమె లేనప్పుడు అవ్వ ఎవరో అడుగుతున్నట్టే జవాబులు చెప్పుకునేది. రోజులు గడిచేకొద్దీ పాదాల లోతు పోయి పిక్కల లోతు వచ్చింది. తెల్లారి కాఫీ తాపుతుంటే గుటకకూ గుటకకూ నడుమ "పిక్కల లోతే" అనేది.

కుడిచేతిలో చలనం కూడా వచ్చింది. డాక్టరు చూసి భుజం తట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఏదో గిల్లినట్టు పట్టి, కిందికి గుచ్చుతోంది. పట్టి గుచ్చడం, పట్టి గుచ్చడం. పరుపు మీద, దిండు మీద, నా చీర మీద. "సన్నని పనులు చేస్తోందంటే నరాలు బాగుపడుతున్నాయన్న మాట" అన్నాడు డాక్టరు. ఆయనకేం తెలుసు, ఆయన నాటు వేశాడా? అది నారు నాటే చెయ్యి అని నాకు తెలుసు. తెలిసినా నోరు మూసుకున్నాను. చెయ్యి లేచింది కదా, ఎట్లా లేస్తే ఏమి అనుకున్నాను.

తర్వాత నడక.

"ఏమే, మీ అవ్వ ఎన్కకు నడుస్తుందేందే?" అని దుబ్బయ్య పిలిస్తే పరుగెత్తాను. అవ్వ మంచం దిగి, నడుము వంచి, నేల వైపు చూస్తూ ఒక్కో అడుగే వెనక్కి వేస్తోంది. కుడిచెయ్యి గుచ్చుతూనే ఉంది. నాట్లప్పుడు అట్లాగే వెనక్కి జరుగుతూ పోతారు, లేకపోతే నాటిన నారును తామే తొక్కుతారు.

"నడుస్తుంది సూడు, సంతోషపడు" అన్నాను.

"సంతోషమే. గానీ ముందుకు నడుస్తె ఇంకా సంతోషం" అన్నాడు. అన్నాక నవ్వలేదు. వంగి చూసి, "కాళ్లు సూడు" అన్నాడు మెల్లగా.

అరికాళ్లు తెల్లగా, ముడతలు ముడతలుగా ఉన్నాయి. పొద్దంతా మడిలో నిలబడి వచ్చినప్పుడు ఆమె కాళ్లు అట్లాగే ఉండేవి, చిన్నప్పుడు నేనే నూనె రాసేదాన్ని. మా ఇంట్లో టైల్స్ పొడిగా ఉన్నాయి. పరుపు పొడిగా ఉంది. గుడ్డతో ఒత్తి చూశాను, తడి అంటలేదు. ఆ తెల్లదనం పిక్కల వరకూ గీత గీసినట్టు వచ్చి ఆగింది.

"మోకాళ్ల లోతే" అంది అవ్వ, మా ఇద్దరి నడుమ నుంచి, మమ్మల్ని చూడకుండా.

ఆ రోజు నుంచి మాటలు ఎక్కువయ్యాయి. పాట కాదు, మాటలే. "జర జరుగు." "నారందుకో." "గా మూల పల్చగైంది." కూలబడ్డాక ఆమె నోట పూర్తి మాటలు రావడం అదే మొదలు. ఎవరితో అంటే, నాతో కాదు. కుడిపక్కకు తిరిగి ఒకరితో, ఎడమపక్కకు తిరిగి ఒకరితో. నేను ఎదురుగా నిలబడి "అవ్వా, నేనే, భవానిని" అంటే నన్ను దాటి చూసేది. మాట పోయినప్పుడు కనీసం నా మొహం చూసేది. మాట వచ్చాక అదీ పోయింది. ఇదేం బాగుపడడమమ్మా అని నేను గోడకు తల ఆనించి ఏడ్చాను.

ఇక ఆగలేక కోహెడ బస్సెక్కాను. ఎటు చూసినా నాట్లు నడుస్తున్నాయి, దారి పొడుగునా ఆడవాళ్ల నడుములే. భూమయ్య కాక తన ఇంటి ముందు నులక అల్లుతున్నాడు. ఒకప్పుడు మా అవ్వ గుంపుకు నారు కట్టలు మోసిన మనిషి. అవ్వ సంగతి చెప్పి, ఆ పాట కొంచెం పాడి వినిపించాను. నులక అల్లే చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు. ఎత్తినవ్ గద, మొత్తం పాడు" అన్నాడు.

"మొత్తం రాదు కాకా."

"రాకుంటె ఎందుకు ఎత్తినవే!" అని కసిరాడు. కాసేపటికి తానే చల్లబడ్డాడు. "గా పాట సిద్ధమ్మది బిడ్డా. మీ అవ్వ కంటె ముందుగాల గుంపుకు ఆమెనే పెద్ద. నువ్వప్పుడు చంటిపిల్లవు, ఒడ్డు మీద ఉయ్యాలల ఉంటివి. మీ అవ్వ ఆమె పక్కపొంటి నాటేసేది. అక్కా అక్కా అని పానం ఇడిసేది. మబ్బు వట్టింది, ఉరుముతుంది. ఒడ్డెక్కుదాం పారిన్రి అన్నరు అందరు. నడి మడిల ఉన్నం, పాట అయిపోనియ్యిన్రే అన్నది సిద్ధమ్మ. గప్పుడే సిద్ధమ్మ మీద పిడుగు వడ్డది. పాట గాడ్నే ఆగింది. మీ అవ్వ ఉరికొచ్చి నిన్ను ఎత్తుకున్నది. ఎన్కకు మల్లి సూడలే."

"అయితే?"

"ఎత్తిన పాట నడి మడిల ఇడ్వద్దు. ముందట పాడేటామె అలిసిపోతె పక్కామె అందుకోవాలె, ఖాళీ రానియ్యొద్దు. వరుస మొత్తం ఒడ్డెక్కాలె. ముందట పాడేటామె అందరికంటె ఆఖర్ల ఎక్కుతది. ఎక్కినంక ఆమెనే ఆఖరి చరణం పాడి పాట దించాలె. గట్లయితెనే మడి మనుషులను ఇడుస్తది. గా దినం సంది ఈ ఊర్ల ఆ పాట ఎవ్వలు ఎత్తలే. మల్ల మీ పంతులమ్మ ఎందుకు ఎత్తింది?"

మందు అని ఎత్తింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందన్నట్టు, మంచి చేద్దామనే ఎత్తింది.

మేడంకు చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వంగి అవ్వ కాళ్లు తడిమి చూసింది.

"నాకు గివాటి మీద నమ్మకం లేదు భవానీ. గానీ అవ్వకున్నది. ఆమె మనసు గా మడిల ఆగిపోయింది. నేను పాట నడుమ ఆపినప్పుడల్లా గాడ్నే ఇడిచి వచ్చిన. కొన్నిదినాలు పాట బందు చేసి చూద్దాం."

బందు చేశాం. రెండు రోజులకే చెయ్యి చచ్చుబడింది. మూతి వంకర తిరిగింది. నోటి నుంచి ఒక్క ముక్క లేదు. కానీ పెదవులు మాత్రం ఆ ఖాళీల తాళంలో కదులుతూనే ఉన్నాయి. ముడతలు తొడల వరకూ వచ్చాయి. ఇంట్లో బురద వాసన పట్టుకుంది, నానిన గడ్డి వాసన లాంటిది. కుట్టడానికి ఇచ్చిన కొత్త బట్టలకు కూడా ఆ వాసన అంటుకుంటోందని గిరాకీలు మొహం చిట్లించేవారు.

మేడంకు ఫోన్ చేశాను. "అవ్వ పోతుంది మేడం. మీరు రాకుంటె పోతుంది."

"వస్తున్న. పాట మొత్తం నేర్చుకున్న. ఇయ్యాల నడుమ ఆపేది లేదు. మీ అవ్వను ఒడ్డెక్కిద్దాం."

ఆమె వచ్చేసరికి మధ్యాహ్నమే అయినా ఆకాశం కాటుక పూసినట్టు ఉంది. కరెంటు పోయింది. అవ్వ ఎప్పుడు మంచం దిగిందో, ముందు గది నడిమధ్యలో వంగి నిలబడి ఉంది. "నడుముల లోతే" అంటోంది. ఖాళీ. "నడుముల లోతే." ఎక్కడో ఉరిమింది. అవ్వ ఒళ్లంతా జడిసింది గానీ చెయ్యి ఆగలేదు.

మేడం చెప్పులు విడిచి, చీర కొంచెం ఎగ్గట్టి, అవ్వ ముందుకు పోయి నిలబడింది. ఖాళీ రాగానే అందుకుంది.

"నారమ్మ నారమ్మ, నీళ్లెంత లోతే?"

అవ్వ తల ఎత్తింది. కుడిపక్కకు చూసింది, మేడం వంక చూసింది. ఇద్దరు ఒకేసారి అడిగితే ఎవరికి జవాబు చెప్పాలో తెలియని మనిషిలా తడబడింది. మేడం గొంతు పెంచి మళ్లీ అడిగింది. గోడలు అదిరేలా ఉరిమింది. నేను చెవులు మూసుకున్నాను. ఆ ఉరుములోనూ మేడం పాట తప్పలేదు, ఏం గుండె ఆమెది!

అవ్వ కుడిపక్కకు తిరిగి, ఎంతో ప్రేమగా అంది: "సిద్ధక్కా, ఇగ నువ్వు పో. పంతులమ్మ అందుకున్నది."

తర్వాత మేడంకు జవాబు చెప్పింది. "మోకాళ్ల లోతే."

మేడం అడుగుతూ, అవ్వ చెబుతూ, అవ్వ వెనక్కి, మేడం ఆమె వెంట, పెరటి వైపు జరుగుతున్నారు. ముందు గది దాటారు. వంటింట్లోకి వచ్చారు. "పిక్కల లోతే" అంది అవ్వ. నేను గ్యాసు సిలిండరు పక్కకు లాగి దారి ఇచ్చాను. "పాదాల లోతే" అంది. పెరటి గడప ఆమె మడమకు తగిలింది. మడమతోనే తడిమి, ఒక కాలు పైకి వేసి, రెండో కాలు ఊడబెరికినట్టు లాగి, గడప మీద చతికిలబడింది. ఆయాసపడుతూ చుట్టూ చూసింది. నా మీద కళ్లు ఆగాయి.

"భవానీ, గట్ల గుడ్లప్పగించి సూస్తవేందే? గొంతెండి సస్తున్న, నీళ్లు దేపో!"

నేను చెంబు కోసం ఉరికాను. మేడం పాట ఆపేసి, వంటింటి మధ్యలో నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఏడుస్తూ నవ్వుతూ వచ్చి నన్ను కౌగిలించుకుంది. నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. దుబ్బయ్యకు ఫోన్ చేసి ఏం చెప్పానో నాకే తెలియదు, ఆయన ఎవరో పోయారనుకుని ఆటో అడ్డదిడ్డంగా నడుపుకుంటూ వచ్చాడు. బయట వాన దంచి కొట్టింది. మేడం ఆ వానలోనే గొడుగు మర్చిపోయి వెళ్లింది.

ఆ తర్వాత మా ఇంట్లో పండుగే. అవ్వ కాళ్ల ముడతలు తెల్లారేసరికి పోయాయి. ముందుకే నడిచింది. నా వంటకు వంక పెట్టింది, నా కుట్టుకు వంక పెట్టింది, అల్లుడి పొట్టకు వంక పెట్టింది. "దుబ్బయ్యా, ఆటో నడుపుతున్నవా, ఆటో నిన్ను మోస్తుందా?" అంది. ఆయన పడీపడీ నవ్వాడు. నేను వంటింట్లో పని పెట్టుకుని ఊరికే పలకకుండా ఉండేదాన్ని, రెండోసారి "భవానీ" అని కేకేస్తుందని.

మేడం మాత్రం మళ్లీ రాలేదు. బడి పనులేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అవ్వే ఒకరోజు అన్నం తింటూ ఆగి అడిగింది.

"పంతులమ్మ గా దినం పాట దించిందా?"

"ఏమో. నువ్వు మాట్లాడినవని సంబరంల ఆపేసింది."

"ఒడ్డెక్కి ఆపిందా, మడిల ఉండి ఆపిందా?"

వంటింటి నడిమధ్యన చప్పట్లు కొడుతూ నిలబడ్డ మేడం నా కళ్ల ముందు మెదిలింది. "గడప ఎక్కకుండనే ఆపింది" అన్నాను. అవ్వ అన్నం కంచం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుంది.

"పా. ఆమె ఇల్లు సూపెట్టు."

మేడం భర్త రాధాకిషన్ గారికి బట్టల దుకాణం ఉంది, ఇల్లు దాని వెనకే. ఆ రోజు దుకాణం షట్టరు దించి ఉంది. ఆయనే తలుపు తీశాడు. గడ్డం మాసి, నిద్ర లేని కళ్లతో నిలబడ్డాడు.

"అన్ని పరీక్షలు చేసిన్రమ్మా. ఏ లోపం లేదన్నరు. పలకది. పొద్దంత గిట్లనే ఉంటది. బడి పిల్లలొచ్చి పాడిన్రు, చూడనన్న చూడలే."

హాలు మధ్యలో సులోచన మేడం నడుము వంచి నిలబడి ఉంది. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. ఆగాయి. చెవి ఒక పక్కకు వంచి వింది. ఎవరూ అందుకోలేదు. పెదవులు మళ్లీ కదిలాయి. మా అవ్వది జవాబు చెప్పే వంతు. ఈమెది అడిగే వంతు. వరసలో ఎవరూ లేకుండా ఒక్కతే నిలబడి అడుగుతోంది. చీర అంచు కింద కాళ్లు తెల్లగా, పిక్కల దాకా నానిపోయి కనిపించాయి. ఎప్పుడూ నవ్వే ఆ మొహం నిండా భయమే.

అవ్వ చీర ఎగ్గట్టుకుంటోంది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"వద్దవ్వా. నువ్వు మొన్ననే వచ్చినవ్. మల్ల పోయి రాకపోతె? నేనెవ్వల్ని పిలువాలె? నన్నెవ్వలు పిలువాలె?"

"మడిల మనిషిని ఇడిచిపెట్టి ఇంటికి వచ్చేటిదాన్ని కాదు బిడ్డా నేను."

"ఒక్కసారి వచ్చినవ్ గద. సిద్ధమ్మను ఇడిచి."

అనకూడని మాట. అన్నాక నాలుక కరుచుకున్నాను. అవ్వకు కోపం రాలేదు.

"వచ్చిన" అంది. "ఒక్కపాలి. నీకోసమే వచ్చిన. ఒళ్లే ఇంటికొచ్చింది, నేను గాడనే ఉన్న. ఇన్నేండ్లు గాడనే ఉన్న." నా చెయ్యి విడిపించుకుని, చెంప తట్టింది. "పాట దించుడు నాకు ఎరుకే. నువ్వు మాత్రం దిగకు, ఒడ్డు మీదనే ఉండు. నిన్ను మడిల కాలు పెట్టనియ్యలే ఎన్నడు."

అవ్వ మేడం ముందుకు పోయి నిలబడింది. ఖాళీ కోసం ఆగి, అందుకుంది. ఆ గొంతులో వణుకు లేదు.

"నారమ్మ నారమ్మ, నీ తోడు ఎవరే?"

మేడం పెదవులు ఆగిపోయాయి. బరువు దించుకున్నట్టు భుజాలు జారాయి. కానీ జవాబు చెప్పలేకపోయింది. నోరు తెరిచి, మూసి, బిత్తరచూపులు చూసింది. అవ్వ మళ్లీ అడిగింది. మళ్లీ ఖాళీ. రాధాకిషన్ గారు ఏమీ అర్థంకాక నా వైపు చూశాడు. అవ్వ నా వైపు చూడలేదు. కానీ ఆమె కాళ్ల మీద ఆ తెల్లదనం అప్పుడే పాదాలు దాటి పైకి వస్తోంది. వరస లేని పాట ఎట్లా సాగుతుంది?

"నా పక్క అక్కే" అన్నాను.

నాకు పాట రాదు, గొంతు గార్దభం. అయినా అన్నాను. టైల్స్ మీద నా పాదాలకు నీళ్లు చల్లగా తగిలాయి. అవ్వ పాడుతూనే కళ్లెర్రజేసి నన్ను వద్దని తల ఊపింది. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుని, మేడం పక్కన వంగాను.